సరిహద్దునందలి నల్లపుట

పత్రికలవారు తమ హద్దు తాము తెలిసికొని మెలగవలెననియు, దొంగలను పట్టుట పోలీసులకును, శిక్షించుట న్యాయస్థానములకును విడిచి, జరిగినదానిని జరిగినట్లు ప్రకటించి యూరకుండుటయే మర్యాదయనియు చెప్పు పెద్దమనుష్యులు మన పఠనమందిరములలో తక్కువగా లేరు. వారు దుష్టులు కారు. పత్రికను మొదటి పుటనుండి కడపటి పుటవరకు శ్రద్ధతో చదువుదురు. చదివి, మడిచి, బల్లమీద పెట్టి, "వీనికి ప్రాణముమీద తీపి లేదు కాబోలు" నని యొకమాట విసరుదురు. ఎక్కడనైన నొక విలేకరి హతుడయ్యెనని వార్త వచ్చిననాడు ఆ మాటయే కొంచెము మారి, "కోరి తెచ్చుకొన్నాడు" అను రూపము దాల్చును. మొదటి మాటతో మాకు పేచీ లేదు. అది జాలివలన వచ్చినది. రెండవ మాటతోనే మా వివాదమంతయు. ఏలయన అది హంతకుని పక్షమున చేయబడిన వకాలతు. ఫీజు పుచ్చుకొనక చేయబడినది గనుక మరింత ప్రమాదకరమైన వకాలతు.

ఈ మాట యెంతవరకు నిలుచునో చూచుటకు, మెక్సికో దేశమున టిహువానా నగరమందు పత్రిక నడపిన హెసూస్ బ్లాంకోర్నెలాస్ జీవితమును మేము విచారణకు తెచ్చుచున్నాము. ఆయన 1936లో శాన్ లూయిస్ పొతోసిలో జన్మించి, 2006 నవంబరు 23వ తేదీన టిహువానాలో రోగశయ్యపై మరణించెను. శయ్యపై మరణించుట ఆయన శత్రువుల లోపము కాదు. వారు చేయవలసిన ప్రయత్నము చేసిరి.

ముందుగా ఆ హద్దును గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు. అమెరికా సంయుక్తరాష్ట్రములకును మెక్సికోకును జరిగిన యుద్ధము ముగిసి, 1848లో గ్వాదలూపె హిదాల్గో సంధి వ్రాయబడినప్పుడు, శాన్ డియాగో రేవునకు దక్షిణమున సుమారు మూడు సముద్రపు మైళ్ల దూరమునుండి ఒక గీత గీచిరి. ఓడినవాడు సంతకము చేయగా గెలిచినవాడు గీచిన గీత యది. అది తరువాత కొన్ని మార్పులు పొంది, నేడు రమారమి 3,145 కిలోమీటర్లు సాగుచున్నది. గీతకు ఉత్తరమున ఏ వస్తువు నిషిద్ధమైనను దక్షిణమున దాని యంగడి వెలయుట ఆ గీతకు పుట్టుకతో వచ్చిన గుణము. 1920 మొదలు 1933 వరకు ఉత్తరమున మద్యనిషేధ ముండెను. ఆ కాలముననే టిహువానా పల్లెటూరితనము వదలి సారాదుకాణముల పట్టణమయ్యెను. అగ్వా కాలియెంతె యను గొప్ప జూదశాల 1928లో తెరవబడినది. 1935లో అధ్యక్షుడు కార్దెనాస్ జూదమును నిషేధింపగా అది మూతపడెను గాని, ఆ పేరుగల గుఱ్ఱపుపందెముల మైదానము నిలిచినది. చదువరులు ఈ పందెముల మైదానపు పేరు జ్ఞాపక ముంచుకొనవలెను.

సారా పోయి మత్తుమందు వచ్చినది. కొనువాడు ఉత్తరముననే యున్నాడు, కొనువానికి పరువుపోదు. అమ్మువాడు దక్షిణముననున్నాడు, వానికి బందిపోటని పేరు. నడుమ దారి కాయు భటుడు రెండుచేతుల పుచ్చుకొనుచున్నాడు. ఈ మూడవవానినిగూర్చి వ్రాయుటయే బ్లాంకోర్నెలాస్ చేసిన మహాపరాధము. బందిపోటులను తిట్టి యూరకుండినచో ఆయన సభలకు అధ్యక్షుడై, శాలువలు కప్పించుకొని, పెద్దవయస్సున సుఖముగా నుండెడివాడు. బందిపోటులను తిట్టుటకు ఏ దేశమునను ధైర్యము అక్కరలేదు. వారికి తలుపు తీసిపెట్టు చేయి యెవరిదో చూపుటకే ధైర్యము కావలయును.

ఆయన ఆటల వార్తలు వ్రాయుటతో వృత్తి మొదలుపెట్టి 1960లో టిహువానా చేరెను. అధికారుల లంచగొండితనమును వ్రాయుటచేత మూడు పత్రికలలో కొలువు పోగొట్టుకొనెను. పరుల పత్రికలో తన మాట సాగదని తెలిసికొని, 1977లో మిత్రులతో కూడి ఏబీసీ యను పత్రికను స్థాపించెను. అందు హెక్టర్ ఫెలిక్స్ మిరాందా యను చమత్కారి యొక శీర్షిక వ్రాయుచుండెను. జనులు ఆయనను 'పిల్లి' యని పిలుచువారు. ఆ పిల్లి గోళ్లు రాష్ట్రపాలకుని దేహమునకు తగిలినవి. ఆ రచయితను తీసివేయుడని ఒత్తిడి వచ్చెను. పత్రికాధిపతి తీసివేయలేదు. 1979లో కార్మికుల తగాదా యను నెపమున కార్యాలయము చేజిక్కించుకొనబడి, ఏబీసీ యాయన చేతినుండి పోయెను. పత్రికను మూయించుటకు ప్రభుత్వము ఉత్తరువు వ్రాయనక్కరలేదు. తాళము వేయువాడు వేఱొకడు దొరకును. ఈ విద్య ఏ యొక్క దేశపు సొత్తును కాదు.

బ్లాంకోర్నెలాస్ గీత దాటి శాన్ డియాగో చేరి, 1980లో సేతా యను వారపత్రికను ప్రారంభించెను. సేతా యనగా వారి యక్షరమాలలో తుదియక్షరము. మొదటి మూడక్షరములు పోయినవాడు కడపటి యక్షరమును పట్టుకొనెను. ఇక్కడ నొక విశేషము గలదు. మెక్సికోలో పత్రికలకు కాగితము సరఫరా చేయుట 1935 మొదలు ఒక ప్రభుత్వసంస్థ చేతిలో నుండెను. ఇష్టమైన పత్రికకు చవుకగా దొరకును. ఇష్టముకాని పత్రికకు కాగితము రాదు. కారణ మడుగుటకు చోటులేదు. అందుచేత సేతా గీతకు ఉత్తరమున అచ్చుపడి, గీత దాటి దక్షిణమునకు వచ్చి అమ్ముడుపోయెను. మత్తుమందు దక్షిణమునుండి ఉత్తరమునకు పోవు దారిని సత్యము ఉత్తరమునుండి దక్షిణమునకు రావలసివచ్చినది! తన దేశపు సంగతిని తన దేశస్థులకు చెప్పుటకు పరదేశమున అచ్చువేయించుకొను దుర్గతి యెట్టిదో, ఒకప్పుడు ఫ్రెంచివారి పుదుచ్చేరినుండి పత్రిక నడపిన దేశభక్తుల చరిత్ర నెఱిగిన మనవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక్కడనే దేశాభిమానులమని చెప్పుకొను కొందఱు మమ్ము నాపుదురు. ఇంటి గుట్టు పొరుగువాని యచ్చుకూటమున పెట్టుట దేశద్రోహము కాదా? పరదేశపు సంఘములనుండి బహుమతు లందుట తగునా? ఆయనకు 1996లో న్యూయార్కు పత్రికారక్షణసంఘమువారును, 1999లో యునెస్కోవారును బహుమానము లిచ్చిన మాట నిజమే. యునెస్కో బహుమానము 1986లో బొగోటాలో మత్తుమందు ముఠాలచేత హతుడైన గిల్లెర్మో కానో యను పత్రికాధిపతి పేరిట నెలకొల్పబడినది. దానిని అందుకొనుట యేమంత వేడుకగాదని చదువరులే గ్రహింతురు. దేశము వేఱు, దేశమును దోచువాడు వేఱు. దోపిడిని దాచిపెట్టుట దేశము పరువు కాపాడుట యని చెప్పువాడు దేశమును ప్రేమించుటలేదు, దోచువానితో బంధుత్వము కలుపుకొనుచున్నాడు. ఆ నగరమున పిల్లలను పోగొట్టుకొనిన తల్లులు ఏ దేశస్థులు? వారి మాట అచ్చువేయుట ద్రోహమైనచో, వారి పిల్లలను చంపినవారికి దారి యిచ్చుట యేమి?

1985లో సేతా మత్తుమందు ముఠాలనుగూర్చి మొదటి పెద్ద వ్యాసమును ప్రకటించెను. టిహువానా పోలీసులే వారికి గొడుగు పట్టుచున్నారని అందు వ్రాసిరి. అచ్చుపడిన 20,000 ప్రతులును వచ్చినవి వచ్చినట్లే చెల్లిపోయెను. పత్రిక నడుపువారికి ప్రతు లన్నియు అమ్ముడుపోయిన దినము పండుగదినము. మావంటివారికది కలలోకూడ రాదు. కాని కొన్నవారు చదువుటకు కొనలేదు. మామూలు దుస్తులలో వచ్చిన మనుష్యులు అంగడి అంగడికి తిరిగి, చదువరి చేతికి దొరకకుండుటకై మొత్తమును కొనివేసిరి. బ్లాంకోర్నెలాస్ ఏమి చేసెను? ఆ డబ్బుతో ఆ సంచికనే మరల అచ్చువేసి, 'నిషేధింపబడినది' అను శీర్షికతో విడుదల చేసెను. పత్రికను నిషేధించుట కైన వ్యయమును పత్రిక గిట్టుబాటు చేసికొనిన సందర్భము ఇదియొక్కటియే యేమో.

1988 ఏప్రిల్ 20వ తేదీ ఉదయమున 'పిల్లి' ఫెలిక్స్ తన బండిలో కార్యాలయమునకు పోవుచుండగా తుపాకితో కాల్చి చంపిరి. చంపినవారని నేరము స్థాపింపబడి శిక్షపొందిన యిద్దఱును అగ్వా కాలియెంతె పందెముల మైదానమున కాపలా కొలువువారు. అందొకడు మైదానపు యజమానియగు హోర్హె హాంక్ రోన్‌కు అంగరక్షకుడు. యజమానికి సంబంధమే లేదని యజమాని చెప్పెను. ఆయనపై అభియోగము మోపబడలేదు. ఏ న్యాయస్థానమును ఆయనను దోషి యనలేదు. మేమును అనుటలేదు. 2004లో ఆయన టిహువానా నగరాధ్యక్షుడుగా ఎన్నుకొనబడెనని మాత్రము చెప్పి, అసలు సంగతికి వత్తుము.

హత్య జరిగిన తరువాత సేతా ప్రతివారమును ఒక పుట నల్లగా అచ్చువేసెను. ఆ పుటలో చనిపోయిన ఫెలిక్స్ బొమ్మ. ఆయనయే మాటలాడుచున్నట్లు ఒక ప్రశ్న: నీ అంగరక్షకుడు నన్నేల చంపెను అని, యజమానిని పేరుపెట్టి యడుగుట. ఒక వారము కాదు, ఒక మాసము కాదు. సంవత్సరములు గడచినను, పాలకులు మారినను, ఆ ప్రశ్న మానలేదు. చనిపోయినవాని పేరును రచయితల పట్టికనుండి తీసివేయనులేదు.

దీనినిగూర్చి వకాలతు వృత్తిలోని మా సహోదరులు కొందఱు ముఖము చిట్లించుట మేమెఱుగుదుము. న్యాయస్థానము దోషి యననివానిని వారమువారము నిలబెట్టి యడుగుట న్యాయమా? ఇది బలమైన యాక్షేపణ. ఇంతవరకు మేము చెప్పిన యాక్షేపణలవలె దీనిని తేలికగా త్రోసివేయరాదు. నేరము స్థాపింపబడువరకు ప్రతివాడును నిర్దోషియే యను సూత్రమును మేము పొట్టకూటికొఱకు మాత్రమేగాక నమ్మికతో నాశ్రయించినవారము. పత్రికలు తీర్పరులై, మాటతో మనిషిని ఉరితీయు దినము వచ్చినచో దానిని మొదట ఖండించువారిలో మేముందుము.

కాని ఆ నల్లపుటలో నున్నదేమి? తీర్పు కాదు, ప్రశ్న. ఆ ప్రశ్నకు ఆధారము ఊరి వదంతి కాదు. న్యాయస్థానమే శిక్షించిన మనిషి యెవరి కొలువులో నుండెను అను సంగతి. కొలువువాడు తన స్వంత పగచేత చంపెనా? అయినచో ఆ పగ యేమి? పరుల ప్రేరణచేత చంపెనా? అయినచో ఎవరి ప్రేరణ? ఈ రెండు ప్రశ్నలును అడుగవలసినది ప్రభుత్వ న్యాయవాది. తుపాకి పట్టినవానితో విచారణ నిలిపి, తుపాకి పట్టించినవాడు ఉండెనా లేదా యని చూడకయే దస్త్రము కట్టిపెట్టిన రాజ్యమున, ఆ దస్త్రపు తుది కాగితమును పత్రిక తెరచి యుంచెను. ప్రశ్నింపబడినవానికి సమాధానము చెప్పు హక్కు కలదు, పరువునష్టపు వ్యాజ్యము తెచ్చు హక్కు కలదు, డబ్బు కలదు, వకీళ్లు కలరు. ప్రశ్నించువానికి కాగితమొక్కటి కలదు. వీరిద్దఱిలో బలహీనుడెవడని న్యాయము తెలిసినవారు విచారింపవలెను. నిర్దోషిత్వసూత్రము విచారణయందు మనిషిని కాపాడుటకు పుట్టినది గాని, విచారణ జరుగకుండ కాపాడుటకు పుట్టలేదు.

1990ల నాటికి టిహువానా ద్వారము అరెయానో ఫెలిక్స్ సోదరుల చేతిలో పడెను. వారిలో రమోన్ అనువానిని 1997 సెప్టెంబరులో అమెరికా నేరపరిశోధకశాఖ తన పదిమంది ముఖ్యాపరాధుల పట్టికలో చేర్చినది. ఆ యేడే ఒక తల్లి సేతా కార్యాలయమునకు వచ్చెను. ఆమె కుమారులు హతులైరి. తన గోడును రమోన్ పేరిట బహిరంగలేఖగా, డబ్బిచ్చి, ప్రకటనగా వేయించుకొనవలెనని యామె కోరిక. బ్లాంకోర్నెలాస్ ఆ డబ్బు ముట్టక లేఖను ప్రకటించెను. ఆ లేఖయే తనపైకి గుండ్లు తెచ్చినదని ఆయన పిమ్మట భావించెను. కోరి తెచ్చుకొన్నాడనువారు ఈ ఘట్టమున నిలిచి సమాధానము చెప్పవలెను. ఆ తల్లి గుమ్మములో నిలిచియున్నప్పుడు ఆయన యేమి చేసియుండవలెను? పోలీసుఠాణాకు పొమ్మని చెప్పవలెనా? కంచెయే చేను మేయుచున్న ఊరిలో కంచెతో మొఱపెట్టుకొమ్మనుట మర్యాదయా, పరిహాసమా?

1997 నవంబరు 27వ తేదీన, కార్యాలయమునకు పోవుచున్న ఆయన బండిపై పదిమంది సాయుధులు విరుచుకొనిపడిరి. అంగరక్షకుడు లూయిస్ వలేరో తన యజమానికి అడ్డుపడి ప్రాణము విడిచెను. బ్లాంకోర్నెలాస్‌కు నాలుగు గుండ్లు తగిలి, చావు అంచుదాక పోయి వచ్చెను. దాడికి నాయకుడై నడచిన దావిద్ బర్రోన్ కొరోనా యనువాడు తనవారు పేల్చిన గుండు తిరిగివచ్చి తగిలి అచ్చటనే కూలెను. ఈ బర్రోన్ ఎవడు? మెక్సికో కొండలలో పెరిగిన మోటుమనిషి యని తలంతురేమో. వాడు గీతకు ఉత్తరమున శాన్ డియాగో నగరపు లోగన్ హైట్స్ పేటలో తిరిగి ముఠాలు కట్టినవాడు. ఆ పేటనుండియే కుఱ్ఱవాండ్రను చేర్చుకొని దక్షిణమున చంపుటకు తెచ్చుచుండెను. 1993 మే 24వ తేదీన గ్వాదలహార విమానాశ్రయమున కార్డినల్ పోసాదాస్ ఒకాంపో యను మతాచార్యుడు హతుడైన నాడును ఆ పేట కుఱ్ఱవాండ్రు అచ్చట నుండిరి.

హద్దుకు ఆవలివారు తమ పత్రికలలో దక్షిణపు దౌర్జన్యమును గూర్చి వ్రాయునప్పుడు ఈ భాగమును సన్నని యక్షరములలో వేయుదురు. కూలి చంపుడుగాండ్రు ఉత్తరమునుండి వచ్చిరి, సొమ్ము ఉత్తరమునుండి వచ్చెను. తుపాకులో? 2014 మొదలు 2018 వరకు మెక్సికోలో పట్టుబడి, జాడ తీయుటకు పంపబడిన తుపాకులలో నూటికి 70 అమెరికానుండి వచ్చినవే యని అమెరికా ప్రభుత్వపు లెక్కల తనిఖీశాఖయే 2021లో ఒప్పుకొన్నది. గోడ కట్టవలెనని కేకలువేయు దేశము తన తుపాకియంగడికి గోడ కట్టుకొనదు. మెక్సికనులు పుట్టుకతో క్రూరులని మన యూరిలోకూడ విదేశపు చలనచిత్రములు చూచి మాటలాడువారు కలరు. వారు ఒకమారు ఈ లెక్క చూచుకొందురు గాక! బ్లాంకోర్నెలాస్ వ్రాతల గొప్పతన మిచ్చటనే యున్నది. ఆయన గీతకు ఒకవైపు నిలిచి రెండవవైపును తిట్టలేదు. గీతయే యొక వ్యాపారమని, ఆ వ్యాపారములో ఇరువైపుల వాటాదారులున్నారని చూపెను.

గాయములు మానిన పిమ్మట ఆయన ఊరు విడువలేదు. సైనికులు ఆయనకు కాపలా యుండిరి. ఇంటినుండి కార్యాలయము, కార్యాలయమునుండి యిల్లు, అంతియే లోకము. నేరస్థులు స్వేచ్ఛగా తిరుగుచుండగా నేరమును వ్రాసినవాడు చెరసాలయందువలె బ్రదికెను. ఆ చెరలోనే గ్రంథములు వెలువడినవి. అరెయానో సోదరుల చరిత్రమును 'ఎల్ కార్తెల్' అను పేర 2002లోను, మత్తువ్యాపారపు క్రొత్తపోకడలను 'ఓరాస్ ఎక్స్త్రా' యను పేర 2003లోను, పత్రికలవారును ప్రభుత్వమును ఈ వ్యాపారము నెదుట నెట్లు నిలిచిరో తెలుపు మఱియొక గ్రంథమును 2005లోను ప్రకటించెను. వారపత్రికలోని వ్యాసము వారమునకు పాతబడును. పుస్తకమైనచో బీరువాలో నుండి సాక్ష్యము చెప్పును. ఆయనకు ఈ భేదము బాగుగా తెలియును.

రమోన్ 2002 ఫిబ్రవరిలో మజత్లాన్‌లో కాల్పులలో చచ్చెను. ఆ మరుసటినెలలో అతని యన్న బెన్హమీన్ పట్టుబడి, 2011లో అమెరికాకు అప్పగింపబడి, 2012లో అక్కడ ఇరువదియైదేండ్ల శిక్ష పొందెను. ఏ నేరములకు? ముఠా కుట్ర, అక్రమధనమును చలామణి చేయుట. ఉత్తరపు న్యాయస్థానము తన దేశమునకు కలిగిన నష్టమును లెక్కకట్టి తీర్పు చెప్పెను, తప్పుపట్టము. దక్షిణపు న్యాయస్థానము తన వీధులలో చిందిన నెత్తురునకు లెక్క ఎప్పుడు కట్టును?

ఈ ప్రశ్నకు 2004లో ఒక సమాధానము వచ్చెను. సేతా సహసంపాదకుడు ఫ్రాన్సిస్కో ఓర్తీజ్ ఫ్రాంకో న్యాయశాస్త్రము చదివినవాడు, మా వృత్తికి చుట్టము. ముఠాలోనివారు ప్రభుత్వ న్యాయశాఖ పేరిట పోలీసు గుర్తింపుచీటీలు సంపాదించుకొని తిరుగుచున్నారని ఆయన బొమ్మలతోసహా బయటపెట్టెను. అదిగాక, కట్టిపెట్టబడిన 'పిల్లి' ఫెలిక్స్ హత్యాదస్త్రమును మరల పరిశీలించుటకు ఏర్పడిన సంఘములో ఆయన సభ్యుడు. 2004 జూన్ 22వ తేదీన, పట్టపగలు, తన యిద్దఱు చిన్నబిడ్డలు బండిలో చూచుచుండగా ఆయనను కాల్చి చంపిరి. ఆ బిడ్డలు గాయపడలేదు. దస్త్రము తెరచినవాడే మఱియొక దస్త్రమయ్యెను.

అప్పుడు బ్లాంకోర్నెలాస్ మనస్సు విరిగెను. మూడు ప్రాణములు పోయినవి. ఈ పత్రికను స్థాపించుట తగినదేనా యని, చెల్లించిన వెల మితిమీరినదని ఆయన బహిరంగముగా చెప్పుకొనెను. మా మిత్రులొకరు దీనినే చూపి, "చూచితిరా, ఆయనే యొప్పుకొనెను" అనిరి. ఏమి యొప్పుకొనెను? తండ్రి తన బిడ్డలకు పట్టిన చావును తలచి, నేను పుట్టకపోయిన బాగుండెడిదని వాపోయినచో, అది హంతకునికి విడుదలచీటి యగునా? ఆ మాట పలికియు ఆయన పత్రికను మూయలేదు. భయపెట్టితిమని వారు సంతోషింపకూడదని నిలిచెను. వీరులని పేరు పెట్టి రాతిబొమ్మలు చేయువారికి ఈ సందేహము రుచింపదు. మాకు మాత్రము ఆ సందేహము లేని మనిషి చేతిలో పత్రిక యుండుటయే భయము. తన వ్రాతవలన ఎవని ప్రాణము పోవునో లెక్కచూచుకొననివాడు సంపాదకుడు కాడు, జూదరి.

ఆ పత్రికలో ఒక యేర్పాటు కలదు; మన సంపాదకులు గమనింపదగినది. ముఠాలనుగూర్చిన వ్యాసములకు విలేకరి పేరుండదు. 'సేతా పరిశోధనలు' అని సంఘము పేరే యుండును. కీర్తి ఒకనికి రాదు, గుండును ఒకనికి గుఱిపెట్టుటకు వీలుకాదు. పేరు పెద్దయక్షరములలో పడవలెనని కొట్లాడుకొను మన రచయితలకు ఇది చేదుగా నుండవచ్చును. బ్లాంకోర్నెలాస్ పోయిన పిమ్మట ఆ పీఠమున కూర్చున్న అదెలా నవారో బెయో యను వనితయు ఆయన కుమారుడును ఈ మర్యాదనే నడపించిరి. వ్యక్తి పోగానే మూతపడు పత్రికలు మనకు లెక్కకు మిక్కిలిగా తెలియును. ఇది అట్టిది కాలేదు.

మెక్సికోలో 2000 తరువాత హతులైన పత్రికలవారి సంఖ్య నూటయేబదికి మించినదని పత్రికాస్వేచ్ఛాసంఘములు లెక్క చెప్పుచున్నవి. అట్టి నేరములకు ప్రత్యేకముగ నొక కేంద్రాధికారిని 2006లోనే నియమించిరి. అధికారి వచ్చెను, కార్యాలయము వచ్చెను, బల్లలు వచ్చెను. హత్యలు మానలేదు. కాపలా యిచ్చితిమిగదా యని ప్రభుత్వము చెప్పును. ఇంటిముందు నిలబెట్టిన సైనికుడు న్యాయస్థానపు మెట్లమీద నిలబెట్టవలసిన సాక్షికి బదులుగాడు. ఒక హత్యకు మొదలంట విచారణ జరిగి, చేయించినవానివరకు శిక్ష పడినచో, నూఱుగురు కాపలాభటుల ఖర్చు తగ్గియుండును. ఇది మేము దయాధర్మముల మాటగా చెప్పుటలేదు, ఖజానా లెక్కగా చెప్పుచున్నాము.

2022 జనవరి 17వ తేదీన టిహువానాలో మార్గరీతో మార్తీనెస్ యను ఛాయాచిత్రకారుని ఆయన యింటియొద్ద కాల్చి చంపిరి. ఆయన తీసిన చిత్రములను వేసికొనిన పత్రికలలో సేతా యొకటి. ఆరు దినములు గడచెను. 23వ తేదీన అదే నగరమున లూర్దెస్ మాల్దొనాదో యను విలేకరిణిని ఆమె యింటిముందు చంపిరి. ఈమె 2019లో దేశాధ్యక్షుని పత్రికాగోష్ఠికి స్వయముగా పోయి, తన ప్రాణమునకు భయముగా నున్నదని, అందఱు వినుచుండగా, అధ్యక్షుని యెదుటనే చెప్పుకొనినది. తాను పనిచేసిన సంస్థపై తెచ్చిన కొలువు వ్యాజ్యములో, చావునకు కొన్నిదినములముందే గెలిచియుండెను. రాష్ట్రప్రభుత్వపు రక్షణపట్టికలో ఆమె పేరుండెను. పఠనమందిరములోని పెద్దమనుష్యు లెఱిగిన మర్యాదలన్నియు ఆమె పాటించినది: వ్యాజ్యము న్యాయస్థానమున వేసెను, మొఱ దేశాధ్యక్షునకు చెప్పెను, రక్షణ ప్రభుత్వము నడిగెను. వీనిలో దేనిని కోరి తెచ్చుకొనుట యందురో వారే చెప్పవలెను. జనవరి 25వ తేదీ సాయంకాలమున మెక్సికో దేశపు నగరములు పెక్కింట పత్రికలవారు హతుల బొమ్మలు చేతబట్టుకొని వీధులలో నిలిచిరి.